ఉరిశిక్ష పడ్డాక ఏమవుతోంది?

సంపాదకుడు గారికి,

ఘోరం ఏదైనా జరిగితే చాలు, మైకు దొరికిన ప్రతి నాయకుడూ ‘ఉరి వేయిస్తాం’ అంటాడు. శిక్ష పడ్డాక ఆ కేసు ఏమైందో మాత్రం ఎవరూ అడగరు. 2019 జూన్‌లో మా హనుమకొండలో తొమ్మిది నెలల పసిపాపను చిదిమేసిన వాడికి రెండు నెలలు తిరక్కముందే కోర్టు ఉరిశిక్ష వేసింది. మా వీధిలో అందరం తగిన శాస్తి జరిగిందనే అనుకున్నాం. ఆ ఏడాదే హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైలుగా మార్చింది. ఈ రెండో వార్త మాలో చాలామందికి తెలియనే తెలియదు.

దేశమంతా ఇదే వరస. 2022లో ఒక్క ఏడాదే కింది కోర్టులు 165 మందికి ఉరిశిక్ష వేశాయి. 2000 నుంచి 2020 దాకా నిజంగా ఉరితీసింది ఎనిమిది మందిని. మహారాష్ట్రలో సంచార జాతికి చెందిన ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టే ఉరి ఖాయం చేసింది. 2019లో అదే కోర్టు వాళ్లను నిర్దోషులని వదిలేసి, జైల్లో పోయిన పదహారేళ్లకు తలా అయిదు లక్షలు ఇమ్మంది. మధ్యలో తీర్పు అమలైపోయి ఉంటే ఆ డబ్బు ఎవరి చేతిలో పెట్టేవాళ్లు?

నేరంతో పాటు మనిషినీ చూడాలన్నది కొత్త మాటేం కాదు. 1974లో ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక అప్పీలులో, జంట హత్యల కేసులో శిక్ష పడిన యువతి వయసునూ, మామ కొట్టి వెళ్లగొడితే బిడ్డతో పుట్టింట్లో ఉంటున్న సంగతినీ లెక్కలోకి తీసుకుని జస్టిస్ కృష్ణయ్యర్ ఉరిని యావజ్జీవంగా మార్చారు. నిందితుడి మానసిక స్థితి, కుటుంబ నేపథ్యం వివరాలు శిక్ష వేసేముందు ప్రభుత్వమే కోర్టుకు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2022లో మనోజ్ కేసులో చెప్పింది. అందుకు సైకాలజిస్టులు కావాలి, నిందితుడి నేపథ్యాన్ని విచారించే ప్రొబేషన్ అధికారులు కావాలి. నాయకుల ప్రకటనల్లో వీటి ఊసే ఉండదు.

యావజ్జీవం కన్నా ఉరి నేరాలను ఎక్కువగా ఆపుతుందనడానికి ఆధారం లేదని, చట్టాలపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 2015లోనే తేల్చి, ఉగ్రవాద కేసుల్లో తప్ప దాన్ని తీసేయమంది. అయినా 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ అత్యాచారానికి ఉరి, 21 రోజుల్లో తీర్పు అంటూ దిశ బిల్లు ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు.

ఉరి ఉండాలా వద్దా అన్న వాదన అలా ఉంచండి. కింది కోర్టులో పడిన ప్రతి ఉరిశిక్ష పైకోర్టులో ఏమైందో, ఎన్నేళ్లు పట్టిందో, నిందితుడి తరఫున ఎవరు వాదించారో రెండు తెలుగు రాష్ట్రాల హోంశాఖలూ ఏటా అసెంబ్లీ ముందు పెట్టాలి. నల్సార్ లాంటి లా యూనివర్సిటీలకు ఆ ఫైళ్లు ఇచ్చి అధ్యయనం చేయించాలి. కొత్త బిల్లు ఆ తర్వాతే తేవాలి.

– ఒక పాఠకురాలు, హనుమకొండ