తాబేలుకి, కిలిమంజారో సంగతి

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ తాబేలూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తప్పు నాదే, క్షమించరా. మూడుసార్లు రాయడానికి కూర్చున్నాను, మూడుసార్లూ మొదటి పేజీలోనే ఆగిపోయాను. ఫోన్లో చెప్దామంటే గొంతు పట్టేస్తోంది. అందుకే కాగితం మీద.

ఇంటి సంగతులు తొందరగా చెప్పేస్తాను. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, బాగానే ఉంది. పాప పదో తరగతికి వచ్చింది. మాగాయ అందింది, అప్పుడే సగం అయిపోయింది. ఆ ఎర్ర చొక్కా ఇంకా నా దగ్గరే ఉంది, అడక్కు.

ఆఫ్రికా దాకా వెళ్ళి కూడా కిలిమంజారో శిఖరం ఎక్కలేదురా. ఇక్కడ అందరికీ వాతావరణం బాగాలేక తిరిగొచ్చానని చెప్పాను. అబద్ధం. ఆ రాత్రి ఆకాశం నిండా చుక్కలే. అసలు జరిగింది నీకొక్కడికే చెప్తున్నాను.

మేం 6 మందిమి మచామే దారిలో వెళ్ళాం, మొత్తం 7 రోజులు. గైడు లేకుండా ఆ కొండ మీద అడుగు పెట్టనివ్వరు, పార్కు నియమం. గైడ్లు, వంటవాళ్ళు, సామాను మోసే కుర్రాళ్ళు కలిసి మాకంటే మూడు నాలుగింతల మంది ఉన్నారు. గేటు దగ్గర ప్రతి మూటా కాటా వేస్తారు, మనిషికి 20 కిలోలు దాటకూడదు. మొదటి గంట నుంచీ అందరి నోటా ఒకటే మాట, "పోలే పోలే". స్వాహిలీలో మెల్లగా, మెల్లగా అని. నరసింహకొండ మెట్ల మీద నా చొక్కా పట్టుకుని లాగుతూ నువ్వు చెప్పిన మాటే కదరా! ఆ రోజంతా నువ్వు నా పక్కనే నడిచినట్టుంది.

మూడో రోజు లావా టవర్ దాకా, అంటే 4,630 మీటర్లు ఎక్కించి, మళ్ళీ బరాంకో దగ్గర నాలుగు వేల లోపుకి దింపి పడుకోబెడతారు. పలచటి గాలికి ఒళ్ళు అలవాటు పడాలని. అక్కడే నాకు తలనొప్పి మొదలైంది. ఒక బండ వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుని, పైన మట్టి కప్పేసి వచ్చాను. సాయంత్రం పెద్ద గైడు వేలికి ఆక్సీమీటర్ పెట్టి, తలనొప్పి ఉందా, తిన్నావా, నిద్ర పట్టిందా అని అడిగాడు. బాగున్నానన్నాను. రోజూ అడిగాడు, రోజూ అదే చెప్పాను.

ఎందుకో నీకు తెలుసు. 2015 ఏప్రిల్లో, పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు భౌతికకాయాన్ని ఆండీస్ కొండల నుంచి ఇంటికి తెచ్చినప్పుడు, గాంధీజనసంఘంలో ఆ జనం మధ్య మనిద్దరం నిలబడ్డాం కదా. మన సంగం వైపు మనిషి, 2006లో ఏడు ఖండాల శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కినవాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నీతో అన్నాను, ఆయన ఎక్కినవాటిలో ఒక్కటైనా ఎక్కుతానని. ఇన్నేళ్ళూ ఆ మాట మోశాను. తలనొప్పి అని చెప్తే వెనక్కి పంపేస్తారని భయం.

ఆఖరి మకాం బరాఫు, 4,673 మీటర్లు. బరాఫు అంటే మంచుగడ్డ, మన హైదరాబాద్ బరఫే. అక్కడ చుక్క నీరు దొరకదు. కింద కరంగా లోయ నుంచి కుర్రాళ్ళు మోసుకొస్తారు. అందులో ఒక కుర్రాడి గురించి నీకు తప్పకుండా చెప్పాలి, గుర్తుచెయ్యి.

అర్ధరాత్రి బయల్దేరాం. సీసాలో నీళ్ళు గడ్డకట్టాయి. పైనా కిందా తల దీపాలు వరసగా, కార్తీక దీపాలు పెన్నలో వదిలినట్టు. నా ముందు సహాయ గైడు, రెండడుగులకోసారి వెనక్కి చూస్తూ, పోలే పోలే అంటున్నాడు. ఎంతసేపు నడిచామో తెలీదు. ఉన్నట్టుండి ఆ మాట నాకు పాలు, పాలు అని వినపడటం మొదలైంది. పొయ్యి మీద పాలున్నాయి. అమ్మ నిద్రపోతోంది. పొంగిపోతున్నాయి. కలలా లేదురా, మూలాపేట ఇంట్లో, వంటింటి గడప మీద ఉన్నాను, పాల వాసన కూడా వచ్చింది. "దింపు, పాలు దింపు" అని అరిచాను.

అతను ఆగాడు. నీ పేరేంటి అని ఇంగ్లీషులో అడిగాడు. దింపు అన్నాను. ఇవాళ ఏ రోజు? దింపు. ఇది తర్వాత అతను చెప్పింది, నాకు గుర్తులేదు. కర్రలు రెండూ వరసగా నేల మీద పెట్టి, ఒక పాదం వేళ్ళకి రెండో పాదం మడమ ఆనిస్తూ వాటి పక్కన నడవమన్నాడు. రెండో అడుగుకే ఒరిగిపోయాను, పట్టుకున్నాడు. అక్కడ అందే గాలి సముద్రం ఒడ్డున అందేదాంట్లో సగమే. కొందరికి మెదడు వాస్తుంది. ఆ గీత పరీక్ష అందుకే. ఆలస్యం చెయ్యకుండా కిందికి దించెయ్యాలి.

శిఖరానికి ముందొచ్చే అంచు, స్టెల్లా పాయింట్, అక్కడి దీపాలు పైన కనపడుతున్నాయిరా. అతని గుండెల మీద గుద్దాను. నెల్లూరు బూతులన్నీ తిట్టాను. అతను ఏమీ అనకుండా వాకీటాకీలో పెద్ద గైడుకి చెప్పి, నా చెయ్యి తన భుజం మీద వేసుకుని, ఆ గులకరాళ్ళ మీద జారుతూ దింపుకొచ్చాడు. మధ్యలో మూడుసార్లు నేను పైకి పరుగెత్తబోయానట. బరాఫు దాటి ఇంకా కిందికి వచ్చాక తల తేలికైంది. కిలిమంజారోకే ఉన్న ఇంకో శిఖరం మావెంజీ పక్కనుంచి సూర్యుడొచ్చాడు. కూర్చుని ఏడ్చాను. అతను నా బూట్లు విప్పి, వేళ్ళు తన చేతుల్లో పెట్టుకుని రుద్దుతున్నాడు.

మర్నాడు మ్వెకా మకాంలో నా దగ్గరికి వచ్చి, దింపు అంటే ఏంటని అడిగాడు. చెప్పాను. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. తను తీసుకెళ్ళినవాళ్ళ భాషల్లో నొప్పి, చలి, కళ్ళు తిరగడం లాంటి మాటలు, తనకి పలికే తీరులో రాసుకున్నాడు. తలనొప్పిని మీరు ఏమంటారని అడిగి, నా చేత మూడుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. నేను నాలుగు రోజులు దాచిన మాట అది. తలెత్తి అతని మొహం చూడలేకపోయాను.

మస్తాన్ బాబు ఆ ఆండీస్ కొండ మీద ఒక్కడే ఉన్నాడు కదరా. ఆయనకి తెలిసినదాంట్లో నాకు గోరంత తెలీదు, పోల్చడం కాదు. కానీ ఆయన పక్కన కూడా ఎవరైనా ఆ రోజు... వద్దులే, ఇది ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి.

గైడుకి డబ్బు ఇచ్చాను, కౌగిలించుకున్నాను, అది చాలదనిపిస్తోంది. ఏం పంపాలో నువ్వు చెప్పు. అమ్మకి మాత్రం ఈ విషయం ఎప్పటికీ తెలియకూడదు.

ఆ నీళ్ళ కుర్రాడి సంగతి. వాడికి పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో, వాడి బూట్లు చూశావంటే... అమ్మ పిలుస్తోంది, కంట్లో మందు వేసే టైమ్ అయింది. ఇప్పుడు పోస్టు చెయ్యకపోతే ఇంకో రెండు నెలలు పడుతుంది. వాడి గురించి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

నీ
కుందేలు