పిల్లల చేతికి చెన్నై: తమిళనాడు పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి నుంచి వచ్చిన శిల్పాల్లో ఒక గుండ్రటి ఫలకం ఉంది. పల్నాటి సున్నపురాయి మీద చెక్కింది. నలగిరి అనే మదపుటేనుగు రాజగృహ వీధిలో జనం మీద పడడం, బుద్ధుడి దగ్గరికి వచ్చేసరికి మోకరిల్లడం, రెండూ ఆ ఒక్క చక్రంలోనే ఉన్నాయి. కంటికి ఏనుగులు రెండు, కథలో ఏనుగు ఒకటే. మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు. ఆరేళ్ళ పిల్ల దాని ముందు పది నిమిషాలు సులువుగా నిలబడుతుంది, ఏం వెతకాలో ఎవరైనా చెబితే. మన పెద్దవాళ్ళు ఈ మ్యూజియాన్ని ‘చచ్చిన కాలేజీ’ అనేవాళ్ళు. పిల్లలకు అది ఇంకా అలాగే మిగిలిపోతోందంటే తప్పు రాళ్ళది కాదు, చేతిలో సరైన పుస్తకం లేకపోవడానిది.

మేము అడిగేది ఒకటే. మీ శాఖ కింద ఉన్న ప్రజా గ్రంథాలయాల ద్వారా, చెన్నై చూడడానికి పిల్లల పుస్తకాలు చేయించండి. ఇంట్లో కూర్చుని చదివేవి వద్దు, ఆ చోట నిలబడి చదివేవి కావాలి. 1948 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఈ ఊరి జనం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నారు. అందులో ఈ పనికి చోటు లేకపోదు.

నిలబడి చదివే పుస్తకం తయారీ వేరు. పెద్ద సైజు అట్ట పుస్తకం పిల్ల చేతిలో ఐదు నిమిషాలకు మించి ఉండదు, తర్వాత అది అమ్మ సంచిలోకి వెళ్ళిపోతుంది. క్రౌన్ 1/8 సైజు చాలు, ఒక చేత్తో పట్టుకోవచ్చు. 32 పేజీలు, మధ్యలో రెండు పిన్నులు. లోపల నునుపు మెరుపు కాగితం వేస్తే మెరీనా ఎండలో పేజీ అద్దంలా మెరిసి ఏమీ కనిపించదు, పెన్సిలూ ఆనదు. మెరుపు లేని మ్యాప్లిథో కాగితం, 100 జి.ఎస్.ఎం. మందంది వేయించండి. అట్టకు మాత్రం మెరుపు లేని లామినేషన్ ఉండాలి, చెమట చేతులకు అదే తట్టుకుంటుంది. ముఖ్యమైన బొమ్మ ఏదీ పిన్నుల మడతలో పడకూడదు. ఇంకొక మాట: ధర పేజీల లెక్కన మాత్రమే కట్టకండి. అలా కడితే 32 పేజీల్లో బొమ్మలు వేసినవారి కూలి గిట్టదు, పని తెలిసిన చిత్రకారులు దగ్గరికే రారు.

బొమ్మల విషయంలో తరచూ జరిగే పొరపాటు ఎత్తుది. ఆరేళ్ళ పిల్ల కళ్ళు నేల నుంచి సుమారు ఒక మీటరు ఎత్తున ఉంటాయి. పెద్దవాళ్ళు నిలబడి తీసిన ఫొటో చూసి బొమ్మ వేస్తే, పుస్తకంలో కనిపించింది ఎదురుగా కనిపించదు. చిత్రకారులు మోకాళ్ళ మీద కూర్చుని ఫొటోలు తీయాలి. అప్పుడే పీఠం అడుగున చెక్కిన బొమ్మలు పుస్తకంలోకి వస్తాయి.

మ్యాపులో ఉత్తరం పైన ఉండాలన్న నియమం ఇక్కడ పనికిరాదు. లోపలికి వచ్చే గేటు పేజీ కింది అంచున ఉండాలి, పిల్ల ముందుకు నడిచినకొద్దీ వేలు పైకి జరగాలి. మరుగుదొడ్డి, తాగునీరు, నీడలో కూర్చునే చోటు శిల్పాలంత పెద్దగా గుర్తు పెట్టాలి. ఎగ్మూరులో ఒకే ఆవరణలో మ్యూజియం భవనాలూ, 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయమూ ఉన్నాయి. అన్నీ ఒకే పుస్తకంలో కుక్కితే రెండో భవనం దగ్గరే పిల్ల నడవనని మొండికేస్తుంది. ఒక పుస్తకానికి రెండు గదులు, గంటన్నర. అంతకు మించవద్దు.

ప్రశ్నలు ఐదు చాలు. ఇంట్లో కూర్చుని జవాబు చెప్పగలిగే ప్రశ్న అయితే కొట్టేయండి. మెరీనాలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన శ్రామిక విగ్రహం దగ్గర ‘ఎప్పుడు పెట్టారు?’ అని అడిగితే పిల్ల పుస్తకంలోకి చూస్తుంది. ‘నలుగురిలో ఎవరు ఎక్కువ బరువు మోస్తున్నారు? నువ్వూ అలా నిలబడు’ అంటే విగ్రహంలోకి చూస్తుంది. 1959 అన్న సంవత్సరం చివరి పేజీలో పెద్దవాళ్ళ కోసం ఉంటే చాలు.

మారిపోయేవాటి మీద ప్రశ్న పెట్టకూడదు. 2022లో చదరంగం ఒలింపియాడ్‌కు నేపియర్ వంతెనకు నలుపు తెలుపు గళ్ళు వేశారు. ‘తెల్ల వంతెన వెతుకు’ అని రాసిన పుస్తకం ఆ రోజుతో తప్పయిపోతుంది. కమానులు లెక్కపెట్టమంటే ఏ రంగు వేసినా నిలుస్తుంది. అడయారులోని పెద్ద మర్రిచెట్టు అసలు మాను 1989 గాలివానకు కూలిపోయింది కాబట్టి ‘పెద్ద మాను ఏది?’ అని అడగలేం. ‘ఇంకా నేల తాకని ఊడలు చూపించు’ అని అడగవచ్చు. సెలవు రోజులు కూడా ఇలాంటివే. మ్యూజియానికి శుక్రవారం సెలవు, గిండీ పాముల పార్కుకు మంగళవారం. వీటినీ, వేళలనూ, టికెట్టు ధరలనూ పుస్తకంలో అచ్చు వేయకుండా, వెనక అట్ట లోపల అంటించే చీటీ మీద వేయించండి. ఏటా చీటీ మారిస్తే పుస్తకం పదేళ్ళు నడుస్తుంది.

ఇక భాష. బడుల్లో తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత ఇక్కడి మా తెలుగు పిల్లలు బడిలో తమిళం చదువుతున్నారు, బాగానే చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు. అందుకే ఎడమ పేజీలో తమిళం, కుడి పేజీలో తెలుగు ఉండాలని కోరుతున్నాం. తమిళ పేజీ కొలతల్లోనే తెలుగు పోస్తే చెడుతుంది. మన ఒత్తులు కిందికి దిగి, కింది లైనులోని గుడులకు తగులుకుంటాయి. 16 పాయింట్ల అక్షరానికి లైనుకూ లైనుకూ 24 పాయింట్ల ఎడం ఇవ్వాలి. బోల్డు వద్దు, చిన్న సైజులో లోపలి ఖాళీ పూడిపోయి ‘ప’కూ ‘ష’కూ తేడా తెలియదు.

ఈ వరసలో ఒక పుస్తకం వీధి బోర్డుల మీద తప్పకుండా ఉండాలి. టి.నగర్ పేరు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. పనగల్ పార్కు 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రిగా ఉన్న పానగల్ రాజావారిది. మైలాపూరులో లజ్ దగ్గరి పార్కు కాశీనాథుని నాగేశ్వరరావుగారిది. మా పిల్లలు ఈ పార్కుల్లో ఉయ్యాల ఊగుతారు, ఆ పేర్లు తెలుగువని ఎరగరు. ఆట సులువు: బోర్డు మీది తమిళం చదివి, పక్క గళ్ళలో తెలుగులో రాయాలి. తమిళంలో ‘క’కూ ‘గ’కూ ఒకటే అక్షరం, ‘త’కూ ‘ద’కూ ఒకటే. పనగల్‌లో ఏది వేయాలి? పేరు పైకి పలికి, చెవితో విని తేల్చుకోవాలి. వచ్చిన తమిళం చెయ్యి పట్టుకుని రాని తెలుగులోకి నడిపించే పని ఇది. తమిళం మాత్రమే తెలిసిన స్నేహితులకూ ఆటగానే ఉంటుంది.

అప్పు ఇచ్చే పుస్తకంలో రాయనివ్వలేరు కాబట్టి రాసుకునేది వేరే కాగితం. ఏ4 కాగితం ఒకవైపు జిరాక్సు చాలు. నిలువుగా సగానికి మడిచి విప్పాలి. అడ్డంగా సగానికి, మళ్ళీ సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్ళు వస్తాయి. అడ్డంగా ఒక్కసారి మడిచి, మడత వైపు నుంచి నడిమి గీత మీద ఒక గడి మేర కత్తిరించాలి. విప్పి, నిలువుగా మడిచి, రెండు చివరలూ లోపలికి నెడితే ఎనిమిది పేజీల పుస్తకం. పై వరస నాలుగు గళ్ళూ తలకిందులుగా అచ్చవ్వాలి, ఇది మరిచిపోతే సగం పేజీలు తిరగబడతాయి. అంచుల్లో ఐదు మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి, లేదంటే జిరాక్సు మిషను తినేస్తుంది. పుస్తకం, ఈ కాగితం, పెన్సిలు, మీటరు టేపు ఒక గుడ్డ సంచిలో పెట్టి శాఖా గ్రంథాలయాల్లో వారానికి అప్పు ఇవ్వండి.

అచ్చుకు ముందు ప్రతి పుస్తకాన్నీ జిరాక్సు నమూనాగా అక్కడికే తీసుకెళ్ళి ఐదుగురు పిల్లలతో చూడాలి. రాసినవారు పక్కనే ఉండి నోరు విప్పకూడదు. పిల్ల ‘ఇదేంటి?’ అని పెద్దవాళ్ళ వైపు తిరిగిన ప్రతి పేజీనీ తిరగరాయాలి.

వానలు తగ్గిన జనవరి ఇందుకు మంచి కాలం, పుస్తక ప్రదర్శన కూడా అప్పుడే. పొంగల్ పండుగలో చివరిదైన కానుం పొంగల్ రోజు మాత్రం మెరీనా వద్దు, ఆ జనంలో పిల్లలు తప్పిపోతారు. మొదటి విడతకు ఎగ్మూరు, మెరీనా, వీధి బోర్డులు, ఈ మూడూ చాలు. తెలుగు పాఠం, ప్రశ్నలు, గేటు నుంచి కొలిచిన మ్యాపు మేము ఉచితంగా చేసి ఇస్తాం. మీ శాఖ నుంచి ఒక అధికారిని ఆ ఏనుగు ఫలకం దగ్గరికి పంపించండి. పిల్లలతో, నమూనా కాగితాలతో మేము అక్కడ ఉంటాం, శుక్రవారం తప్ప ఏ రోజైనా.

ఇట్లు,
చెన్నైలో పిల్లల కోసం రాసే, బొమ్మలు వేసే కొందరు తెలుగువారు