కడియం కుస్తీ లేని జాతర

సంపాదకులకు నమస్కారం.

గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు కలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు నడిపే అమెరికా సంస్థ యూఎఫ్‌సీ వారి టీవీ రియాలిటీ షో 'ది అల్టిమేట్ ఫైటర్' మీద మోజు ఎందుకు తగ్గిందంటే చాలామంది పాతబడిందంటున్నారు. 2005 నుంచి నడుస్తోంది కాబట్టి ఆ మాట తేలిగ్గానే వస్తుంది. తాలీముల్లో (కుస్తీ శిక్షణ శాలల్లో) పిల్లలకు పట్లు నేర్పే మాకు మాత్రం వేరే కారణం కనిపిస్తోంది. పందెం పలచబడింది.

జాతర కుస్తీ కొబ్బరికాయతో మొదలై వెండి కడియం దగ్గర ముగుస్తుంది. జోడీ జోడీకీ పందెం పెరుగుతుంది గనుకే చీకటి పడుతున్నా జనం కదలరు. ఈ షోకు మొదట్లో ఆ బిగువు ఉండేది. లాస్ వేగాస్‌లో ఒకే ఇంట్లో 16 మంది, ఫోనూ టీవీ లేకుండా వారాల తరబడి ఉండాలి. గెలిచినవాడికి యూఎఫ్‌సీ కాంట్రాక్టు. 2005 ఏప్రిల్ 9న ఫారెస్ట్ గ్రిఫిన్, స్టెఫాన్ బోనర్ మూడు రౌండ్లూ అడుగు వెనక్కి వేయకుండా కొట్టుకున్నారు. జడ్జీలు గ్రిఫిన్‌ను గెలిపించినా, బోనర్‌కూ అక్కడికక్కడే కాంట్రాక్టు ఇచ్చారు. 2008లో గ్రిఫిన్ చాంపియన్ అయ్యాడు.

2017లో అదే సంస్థ కంటెండర్ సిరీస్ పెట్టింది. మంగళవారం ఒక్క ఫైట్ ఆడాలి, నచ్చితే ఆ రాత్రే కాంట్రాక్టు. షాన్ ఒమాలీ ఆ దారిన వచ్చి 2023లో బెల్టు కట్టుకున్నాడు. ఇక చెయ్యి తిరిగినవాడు వారాల పాటు ఇంట్లో ఎందుకు కూర్చుంటాడు? పైగా ఆ ఇంటి ఫైట్లు ఎగ్జిబిషన్ కిందే లెక్క, ప్రొఫెషనల్ రికార్డులోకి ఎక్కవు. రెండు జట్ల కోచ్‌లు సీజన్ తర్వాత సాధారణంగా తలపడతారు; ఆ పోరైనా కడియం కుస్తీలా నిలబడుతుందా అంటే అదీ లేదు. 2023 సీజన్‌లో మెక్‌గ్రెగర్, చాండ్లర్ కోచ్‌లు. 2024 జూన్ 29కి పెట్టిన వాళ్ల ఫైట్ మెక్‌గ్రెగర్ కాలి వేలి గాయంతో రద్దయింది.

ఆ ఇంట్లో అసలు ఉత్కంఠ ఫైట్‌కు ముందు బరువు చూసే తూకం దగ్గరుంటుంది. 70 కిలోల విభాగంలో ఆడేవాళ్లు చాలామంది మామూలు రోజుల్లో 77, 78 కిలోలుంటారు. చివరి ఒకటి రెండు రోజుల్లో ఆవిరి గదిలో, వేడినీళ్లలో కూర్చుని నాలుగైదు కిలోల నీరు దించుతారు. నీరు పోతే రక్తం చిక్కబడుతుంది, గుండె దడ పెరుగుతుంది, పిక్కలు పట్టేస్తాయి. తూకమయ్యాక ఎంత తాగినా ఒక్క రోజులో ఒళ్లు పూర్తిగా తేరుకోదు. గెలిస్తే కొద్ది వారాలకే అదే ఒళ్లు మళ్లీ ఎండాలి. సెమీస్‌లో రెండో రౌండుకే గడ్డం దగ్గరుండాల్సిన చేతులు ఛాతీ మీదికి జారుతున్నాయంటే, చాలాసార్లు కారణం ఇదే. దీన్ని విడమరిచి చూపాల్సింది పోయి కెమెరా వంటింటి గొడవల వెంట పడుతుంది. రెండు రౌండ్లూ పూర్తిగా సాగినా ఫైట్ 10 నిమిషాలే. మొదటి నిమిషంలోనే ముగిస్తే మిగతా ఎపిసోడంతా అరుపులే.

పాలమూరు, నల్లగొండ పిల్లలు ఈ తూకం తంతును ఫోన్లలో చూసి ప్లాస్టిక్ కోటు తొడుక్కుని ఎండలో పరుగెత్తడం మాకు భయం కలిగిస్తోంది. 2015లో చైనా ఫైటర్ యాంగ్ జియాన్ బింగ్ బరువు దించే క్రమంలోనే 21 ఏళ్లకు ప్రాణం పోగొట్టుకున్నాడు.

మన పిల్లలకు పనికొచ్చేది 2022లో మొదలైన రోడ్ టు యూఎఫ్‌సీ. ఆసియా ఫైటర్లకోసం పెట్టిన పోటీ అది. ఒక్కో విభాగంలో 8 మంది ఉంటారు, మూడు గెలిస్తే కాంట్రాక్టు, ప్రతి ఫైటూ రికార్డులో పడుతుంది. ఉత్తరాఖండ్‌కు చెందిన అన్షుల్ జుబ్లీ 2023 ఫిబ్రవరిలో ఫైనల్ గెలిచింది ఇందులోనే. ఈ పోటీల జోడీలు, ఫలితాలు మీ క్రీడా పేజీలో జిల్లా పాఠకులకూ అందేలా వేయాలని కోరుతున్నాం.

— కొందరు తాలీం శిక్షకులు, మహబూబ్‌నగర్