పొలం దున్నేది ఒకరు, జాబితాలో పేరు ఇంకొకరిది: జిల్లా వ్యవసాయ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. సబ్సిడీ ఎరువుల జాబితాలో మా మామగారి పొలం ఎక్కించమని మీ ఇండోనేషియా భాషలో రాసిచ్చిన అర్జీలన్నీ మీ ఆఫీసు వాళ్లు స్టాంపు గుద్ది తీసుకున్నారు. ఆ స్టాంపు తప్ప ఇంతవరకు వేరే జవాబు లేదు. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. చదవకుండా పక్కన పడేయడానికి మీకూ ఒక న్యాయమైన కారణం ఉంటుంది. మీ పేరు గానీ, మా అత్తగారి ఊరి పేరు గానీ రాయడం లేదు. ఉద్యోగం పేరు చెప్పుకొని నేను పట్నంలో ఉంటాను, రేపు ఎరువుల కొట్టు ముందు నిలబడాల్సింది మా మామగారు.

ఊరు ఎలాంటిదో మీకు నేను చెప్పేదేముంది. చదివే తెలుగువాళ్ల కోసం నాలుగు ముక్కలు. జావా అనగానే మనకి మెట్లు మెట్లుగా నీళ్లు నిలిచిన వరి మడులే గుర్తొస్తాయి. మా అత్తగారి ఊరున్న గునుంగ్ సేవు కొండల్లో ఆ ముచ్చట లేదు. అంతా సున్నపురాయి. కురిసిన వాన కురిసినట్టే రాతి సందుల్లోంచి దిగిపోయి భూమి అడుగున పారుతుంది, పైన నిలవదు. ఇంటింటికీ వాన నీళ్ల తొట్టి ఉంటుంది. అది ఎండాకాలంలో, అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో, అడుగంటితే ట్యాంకరు కొనుక్కోవాలి. గుట్టల మధ్య పల్లాల్లో చేరిన కాస్త ఎర్రమట్టే పొలం. ఆ కాస్తలోనే వరి, మొక్కజొన్న, కర్రపెండలం, వేరుశనగ కలిపి వేస్తారు. కుర్రవాళ్లంతా జకార్తాలో బక్సో, అంటే మాంసం ఉండల పులుసు అమ్మే బళ్లు నడుపుకుంటున్నారు. సేద్యం చేసేది అరవై దాటినవాళ్లు. పెళ్లో ఆసుపత్రి ఖర్చో వచ్చిపడితే దొడ్లో టేకు చెట్టు కొట్టాలి, లేదా ఆవును సంతకి తోలాలి. బ్యాంకు అంటే అదే.

వరి ఏడాదికి ఒక్క కారు. వాన రాకముందే, దుమ్ము లేస్తున్న నేలలో కర్రతో గుంటలు పొడిచి విత్తనం వేసేస్తారు. అనంతపురంలో పుట్టినవాణ్ణి, మెట్ట సేద్యం నాకు కొత్త కాదు. అయినా అక్టోబరు ఎండలో మా అత్తగారు అలా గింజలు వదులుతూ పోతుంటే నా గుండె జారింది. నవంబరులో వాన పడి, మొలక లేచిన మూడు నాలుగు వారాలకి యూరియా పడాలి. ఆ అదను తప్పాక లారీల కొద్దీ తెచ్చి పోసినా ఆకు పచ్చబడుతుందేమో గానీ దిగుబడి రాదు. ఇది వ్యవసాయ అధికారికి చెప్పాల్సిన మాట కాదు. కానీ ఎరువు ప్రతి ఏడాదీ అదను దాటాకే వస్తుంటే చెప్పక ఏం చేయను?

ఇక మామగారి పేరు సంగతి. సబ్సిడీ ఎరువు ఇచ్చేటప్పుడు రైతుని గుర్తింపు కార్డుతో సహా ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి కదా. ఫోటో అంటున్నారని మామగారు పెళ్లిళ్లకి కట్టే బాతిక్ చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని దువ్వుకుని మరీ వెళ్లారు. కొట్టు ఆయన కార్డు చూసి, పదహారు అంకెలూ ఫోనులో కొట్టి, తల అడ్డంగా ఊపాడు. జాబితాలో మామగారికి చూపించింది ఇంటి వెనక పెరటి ముక్క ఒక్కటే. కిలోల్లో వచ్చే ఎరువు. పల్లంలో ఉన్న అసలు పొలం లెక్కలో లేదు. పన్ను చీటీ ఆయన అన్నగారి పేరు మీద ఉంది. ఆ అన్నగారు ఎప్పుడో సుమత్రా దీవిలోని లాంపుంగ్‌కి వలసపోయి అక్కడే స్థిరపడ్డారు. ఈ పొలం దున్నేది మామగారు, ఏటా పన్ను కట్టేది మామగారు, ఎలుకల్ని తరిమేది మామగారు. మీ కంప్యూటరుకి మాత్రం ఆయన రైతు కాదు, పెరట్లో కూరగాయలు పెంచుకునే ముసలాయన!

పోనీ సరిచేయమంటే, రైతు సంఘం పెద్ద విస్తరణాధికారిని అడగమంటాడు. విస్తరణాధికారేమో ఊరి ఆఫీసు నుంచి కాగితం తెమ్మంటాడు. ఊరి ఆఫీసులో వేడి టీ ఇచ్చి, వేయించిన టెంపే (సోయా గింజల అచ్చు) ముక్కలు పెట్టి, ఎంతో మర్యాదగా, వచ్చే ఏడాది జాబితాలో చూద్దాం అంటారు. ఆ మర్యాదకి కోపం కూడా రాదు, అదే బాధ. 2024లో వచ్చిన నియమంలో జాబితాని ఏడాది మధ్యలో కూడా, నాలుగు నెలలకోసారి సవరించుకోవచ్చన్నారు. ఆ సవరణ మా ఊరి దాకా ఎందుకు రాలేదండీ? రోడ్డు బాగాలేదనా?

2025 అక్టోబరులో సబ్సిడీ ఎరువుల ధర 20 శాతం తగ్గించారు. సంతోషం. యూరియా కిలో 2,250 రుపియాల నుంచి 1,800కి దిగింది. యాభై కిలోల బస్తా 90,000. కొట్టు గోడ మీద ఆ ధరల కాగితం నిగనిగలాడుతోంది. మామగారు దాన్ని చదివి, మేకని అమ్మి, పక్కనే ఉన్న సబ్సిడీ లేని బస్తాని రెట్టింపుకి మించిన ధర పెట్టి కొనుక్కొచ్చారు. జాబితాలో పేరున్న పక్కింటాయన మాత్రం ఏం సుఖపడ్డాడు? యూరియా కావాలంటే ఈ ద్రవ ఎరువు సీసా కూడా తీసుకోవాలని అంటగట్టారు. ఆ సీసా ఇప్పటికీ ఆయన వంటింటి చూరులో మూత తీయకుండా ఉంది.

వేరుశనగ ఊసెత్తితే మీరు నవ్వుతారేమో. 2022లో సబ్సిడీని తొమ్మిది పంటలకే కుదించినప్పుడు వెల్లుల్లి ఉంది, కోకో ఉంది, చెరకు ఉంది. మా కొండల్లో పండే వేరుశనగ లేదు. ఈ గుట్టల మీద కోకో ఎవరు వేస్తారండీ?

మా దేశం గొప్పదని చెప్పడానికి రాయడం లేదు. తెలంగాణలో రైతుబంధు డబ్బు పట్టాదారుకే పడింది, కౌలు రైతు చూస్తూ నిలబడ్డాడు. కాగితం ఉన్నవాడే రైతు అనే జబ్బు మాకూ ఉంది. కాకపోతే మీరు యూరియా ఎగుమతి చేసే దేశం. 2025లో ప్రభుత్వ గోదాముల్లో బియ్యం నిల్వ నలభై లక్షల టన్నులు దాటిందని మీ ప్రభుత్వమే గర్వంగా ప్రకటించింది. అంత ఉన్నచోట ఒక ముసలి రైతుకి అదనుకి రెండు బస్తాలు అందించడం అంత కష్టమా?

అయ్యా, నేను అడిగేది పెద్దదేం కాదు. దున్నేవాడి పేరు ఎక్కించండి. పొలం అన్నగారిదైనా, అత్తదైనా, జకార్తాలో ఉన్న కొడుకుదైనా, దున్నేది ఎవరో ఊరందరికీ తెలుసు, ఊరి పెద్ద సంతకం చేస్తాడు. ఎరువు అదనుకి పంపండి. సీసాలు అంటగట్టడం ఆపించండి. లేదంటే కనీసం కుదరదని ఒక్క కాగితం మీద రాసివ్వండి, ఆ కాగితం పట్టుకుని పై ఆఫీసుకి వెళ్తాం. అసలు ముందు పేరు ఎక్కించండి, మిగతావి తర్వాత చూసుకుందాం. సర్వేకి మనిషిని పంపేటట్టయితే మధ్యాహ్నం లోపే పంపండి. వానలు మొదలయ్యాక మూడు దాటితే ఆ ఘాటు రోడ్డు మీద మోటారుసైకిలు నిలవదు.

ఇట్లు,
మీ జిల్లా అల్లుడు