బార్బడోస్‌లో నన్ను ఆదుకున్న వాళ్ళందరికీ

ఈ పోస్టు ఎవరి కోసం రాస్తున్నానో వాళ్ళలో చాలామందికి తెలుగు రాదు, వచ్చిన ఇద్దరికీ ఇప్పుడు పరీక్షలు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నా. కరీబియన్ దీవి బార్బడోస్‌కి ఒక్కదాన్నే వెళ్ళి, కొన్నాళ్ళు అద్దె కారులో, ఆ తర్వాత బస్సుల్లోనూ జెడ్‌ఆర్ అనే ప్రైవేటు షేర్ వ్యాన్లలోనూ దీవంతా తిరిగి, క్షేమంగా అట్లాంటా వచ్చి పడ్డాను. అంత క్షేమంగా ఎలా వచ్చానో అమ్మకి ఫోన్‌లో సగమే చెప్పాను, మిగతా సగం ఇక్కడ. (అమ్మా, చదువుతుంటే టెన్షన్ పడకు, అంతా అయిపోయింది.)

ముందుగా బ్రిడ్జ్‌టౌన్ దగ్గర మెడిసిన్ చదువుతున్న మన అమ్మాయిలిద్దరికి. మా పిన్ని కూతురికి ఫ్రెండ్స్, నేనెవరో కూడా తెలీదు, కానీ విమానం ఎక్కకముందే వాట్సాప్‌లో నాకు పెద్ద క్లాసు పీకారు. మన పాస్‌పోర్టుకి వీసా అక్కర్లేదని, రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరని, 1975 నుంచీ అదే లెక్కని, మిలిటరీ డిజైన్ బట్టలు మామూలు జనం వేసుకుంటే అక్కడ నేరమని. ఇవన్నీ వెతికితే దొరికేవే. కానీ "అక్కా, నువ్వు ఏది అడగాలన్నా ముందు గుడ్ మార్నింగ్ చెప్పు, బస్సు ఎక్కినా, కొట్లోకి వెళ్ళినా సరే, చెప్పకుండా డైరెక్టుగా అడిగితే వాళ్ళకి మర్యాదగా అనిపించదు" అన్నది చూశారూ, ఆ ఒక్క మాటతోనే నా ట్రిప్పు మొత్తం గడిచింది.

కారు సంగతి. అక్కడ డ్రైవింగ్ మనలాగే ఎడమ వైపు, కానీ ఇన్నేళ్ళు అమెరికాలో కుడి వైపు నడిపాక మొదటి రౌండెబౌట్ దగ్గరే నాకు చెమటలు పట్టాయి. ఎయిర్‌పోర్టు వైపు నుంచి వచ్చే పెద్ద రోడ్డు మీద అవి వరసగా వస్తూనే ఉంటాయి. అద్దె కారు నంబరు హెచ్‌తో మొదలవుతుంది కాబట్టి వెనకున్న వాళ్ళకి మనం కొత్తవాళ్ళమని తెలిసిపోతుంది, ఓపిక పడతారు. ఎవరో హారన్ కొడితే తిట్టారేమో అనుకున్నా, తీరా చూస్తే "ముందు నువ్వు వెళ్ళు" అని చెయ్యి ఊపుతున్నాడు. దీవి మొత్తం 34 కిలోమీటర్ల పొడవు, 23 కిలోమీటర్ల వెడల్పు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చుట్టేయొచ్చనిపిస్తుంది. లోపలి రోడ్లు ఇరుకు, మలుపు దగ్గర చెరకు తోట నిలువెత్తున అడ్డం, అవతల ఏం వస్తోందో కనపడదు. అంత త్వరగా ఏమీ చుట్టలేం.

ఇక అసలు కథ. ఉత్తరాన సెయింట్ నికొలస్ ఆబీ (పేరు చూసి చర్చి అనుకోకండి, 17వ శతాబ్దపు చెరకు దొరల బంగళా) చూసుకుని, చెర్రీ ట్రీ హిల్ మీద ఆగి అట్లాంటిక్ తీరాన్ని కళ్ళారా చూసి, మోర్గన్ లూయిస్ గాలిమర దాటి కిందికి దిగుతున్నాను. దీవిలో చాలా భాగం పగడపు సున్నపురాయి, గట్టి నేల. ఈ స్కాట్లండ్ డిస్ట్రిక్ట్ వైపు మాత్రం ఆ రాతిపొర కొట్టుకుపోయి కింది బంకమట్టి బయటపడింది, వానలు పడితే నేల జారుతుంది, దాంతోపాటు రోడ్డూ పగులుతుంది. అలాంటి ఒక పగులు అంచు తగిలి ముందు ఎడమ టైరు ఢామ్మంది. కారు ఇచ్చిన వాళ్ళకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. డిక్కీ తెరిస్తే స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, నట్లు విప్పే స్పానర్ మాత్రం లేదు. పేరు రాయను గానీ, అద్దె కారు తీసుకునేవాళ్ళు డబ్బు కట్టేముందు డిక్కీ తెరిపించి చూడండి, సిగ్గుపడకండి.

ఎండకి గొడుగు వేసుకుని ఒక పెద్దావిడ నడిచి వస్తోంది. నేను "గుడ్ ఆఫ్టర్‌నూన్" అన్నాను, ఆవిడ తీరిగ్గా "గుడ్ ఆఫ్టర్‌నూన్" అని, టైరు చూసి, ఇంకేం అడక్కుండా నన్ను వెంటబెట్టుకుని కింద రమ్ షాపుకి తీసుకెళ్ళింది. నలుగురు మగవాళ్ళు డామినోలు ఆడుతున్నారు, బిళ్ళ వేసినప్పుడల్లా బల్ల పగిలిపోతుందేమో అన్నట్టు చప్పుడు. ఆవిడ ఒక్క మాట చెప్పగానే ముగ్గురు లేచారు, బిళ్ళలన్నీ బోర్లా పెట్టేసి, ఎవరూ తొంగిచూడకుండా నాలుగో ఆయన్ని కాపలా కూర్చోబెట్టి మరీ వచ్చారు. మొదటి స్పానర్ సైజు సరిపోలేదు. రెండోది సరిపోయింది గానీ నట్లు తుప్పుపట్టి కదల్లేదు. అప్పుడు ఒకాయన ఇంటికెళ్ళి మూరెడు ఇనప గొట్టం తెచ్చి స్పానర్ పిడికి తొడిగాడు, ఇంకొకాయన దానిమీద ఎక్కి నిలబడ్డాడు, మూడో ఆయన వెనక చక్రానికి రాయి పెట్టి "నువ్వు నీడలోకి వెళ్ళమ్మా" అని నన్ను అదిలించాడు. కిర్రుమని మొదటి నట్టు వదిలినప్పుడు నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఈలోగా పెద్దావిడ నాకు ఊరి చరిత్ర మొదలుపెట్టింది. బ్రిడ్జ్‌టౌన్ నుంచి బెల్‌ప్లెయిన్ దాకా రైలు వచ్చేదట, 1937లో ఆపేశారు, వాళ్ళమ్మ ఎక్కిందట. నేను పోవాల్సిన సముద్రం పక్క రోడ్డుకి ఎర్మీ బోర్న్ పేరు పెట్టారని, 1951లో వాళ్ళ అసెంబ్లీకి గెలిచిన మొదటి మహిళ ఆవిడేనని, గెలిచింది మేమున్న ఈ సెయింట్ ఆండ్రూ ప్రాంతం నుంచేనని ఎంత గర్వంగా చెప్పిందో. డబ్బులిస్తే ఒక్కరూ తీసుకోలేదు. "షాపులో ఏదైనా తిని వెళ్ళు" అన్నారంతే. బన్నులాంటి సాల్ట్ బ్రెడ్‌లో రెండు చేపల బజ్జీలు పెట్టి ఇచ్చారు, మీద పసుప్పచ్చ పెప్పర్ సాస్, కారం తినగలనని బడాయిపోయిన నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, వాళ్ళకి ఆ సాయంత్రానికి సరిపడా నవ్వు దొరికింది. పెద్దావిడ నా కారెక్కి బెల్‌ప్లెయిన్ దాకా దారి చూపించి, దిగేటప్పుడు "బాత్‌షీబాలో ఈతకి దిగకు, అలలు లోపలికి లాగేస్తాయి, రాళ్ళ మధ్య గుంటల్లో కూర్చో" అని వేలు చూపించి మరీ చెప్పింది. అలాగే కూర్చున్నాను.

కారు తిరిగిచ్చేశాక బస్సులు. ప్రభుత్వ బస్సు నీలం, ప్రైవేటు మినీబస్సు పసుపు, జెడ్‌ఆర్ తెలుపు మీద మెరూన్ చార. నేను ఎక్కినప్పుడు దేంట్లోనైనా మూడున్నర బార్బడోస్ డాలర్లే, ఎంత దూరమైనా. బస్టాపు బోర్డు మీద ‘టు సిటీ’, ‘ఔట్ ఆఫ్ సిటీ’ అని ఉంటుంది, అది చూసుకుంటే చాలు. ప్రభుత్వ బస్సులో చిల్లర తిరిగివ్వరు, నా దగ్గర నోటు మాత్రమే ఉన్నప్పుడు నర్సు డ్రెస్‌లో ఉన్న ఒకావిడ నా టికెట్ డబ్బులు వేసేసి కిటికీ పక్కకెళ్ళి కూర్చుంది, థాంక్స్ చెప్పే సందు కూడా ఇవ్వలేదు. జెడ్‌ఆర్ అంటే మన షేర్ ఆటోకి అన్నయ్య, ఇంకొకరికి చోటు ఎప్పుడూ ఉంటుంది, పాటలు మాత్రం గుండెల్లో మోగుతాయి. శుక్రవారం రాత్రి ఓయిస్టిన్స్‌లో చేపలు తిని పదకొండో నంబరు ఎక్కాను. వర్తింగ్‌లో నేను దిగి గేటు తీసి లోపలికి వెళ్ళేదాకా కండక్టర్ వ్యాన్ కదలనివ్వలేదు. లోపల అంతమంది ఉన్నారు, ఒక్కరూ విసుక్కోలేదు.

హోల్‌టౌన్ బీచ్‌లో కొబ్బరిబొండాలు అమ్మే ఆయనకి ప్రత్యేకంగా. వాన వస్తే అందరిలాగే చెట్టు కిందికి పరిగెత్తబోయాను, ఆయన కేక పెట్టి ఆపాడు. మొదలు చుట్టూ ఎర్ర రంగు పట్టీ, కొమ్మలకి చిన్న చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలు. మాంచినీల్ చెట్టట, కాయ తింటే విషం, దాని పాలు వాననీళ్ళతో కలిసి మీద పడినా ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. తన గొడుగు కిందికి రమ్మన్నాడు, తను సగం తడిశాడు.

కెన్సింగ్టన్ ఓవల్ క్రికెట్ స్టేడియం గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనకి కూడా. లోపలికి వదలడం కుదరదన్నాడు గానీ, మాది హైదరాబాద్ అనగానే "సిరాజ్!" అని, సోబర్స్ విగ్రహం పక్కన నాకు ఓపిగ్గా ఫోటోలు తీశాడు. 2024 జూన్ 29 టీ20 వరల్డ్ కప్ ఫైనల్‌లో సూర్యకుమార్ ఆ క్యాచ్ ఏ వైపు పట్టాడో గోడ బయటి నుంచే చేత్తో చూపించాడు.

చివరి రాత్రి మన అమ్మాయిలు పప్పుచారు, బెండకాయ వేపుడు చేసి, మార్కెట్‌లో దొరికే సీమపనసతో బజ్జీలు వేసి పెట్టారు. చదువుకునే పిల్లలు, పరీక్షల ముందు, నా కోసం ఒక పూట పోగొట్టుకున్నారు. వాళ్ళ డబ్బాలో గోంగూర పచ్చడి అడుగంటిపోయి ఉండటం నేను చూశాను. అట్లాంటా నుంచి ఈ క్రిస్మస్‌కి ఎవరైనా బార్బడోస్ వెళ్తుంటే మెసేజ్ పెట్టండి, సీల్ చేసిన సీసాలు నేనే ఎయిర్‌పోర్టుకి తెచ్చిస్తా.