టాలీ ఇంటిపేరు

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి.

ప్రియ మిత్రమా,

ఇక్కడ మేమంతా కుశలం. అక్కడ నువ్వు, చెల్లెమ్మ, పిల్లలు కుశలమని తలుస్తాను. రెండేళ్లుగా నువ్వు ఆడమని పోరుతున్న మాస్ ఎఫెక్ట్ అనే అంతరిక్ష వీడియో గేమును ఎట్టకేలకు మొదలుపెట్టాను. మొదటి భాగం పూర్తిచేసి, రెండో భాగంలో చాలా దూరం వచ్చాను కూడా. ఫోనులో చెబితే తేలిపోయే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను, ఓపికగా చదువు.

మూడు భాగాలనూ కలిపి 2021లో విడుదల చేసిన లెజెండరీ ఎడిషన్‌నే కొన్నాను. దానికి 120 జీబీ స్థలం కావాలన్నారు కాబట్టి చెల్లెలి పెళ్లి వీడియోలన్నీ వేరే డిస్కులోకి మార్చవలసి వచ్చింది. మన వీధిలో నెట్ వేగం నీకు తెలియనిది కాదు; నాలుగు రాత్రులు కంప్యూటరు ఆపకుండా ఉంచితే గాని అది దిగలేదు. మొదటి భాగం 2007 నాటిది, ఆ వయసు దాని నడకలో తెలుస్తూనే ఉంది. ముఖ్యంగా ఆరు చక్రాల ఆ మాకో బండిని నిర్మానుష్యమైన గ్రహాల మీద నడిపిన గంటలను నాకు ఎవరైనా తిరిగి ఇప్పిస్తే బాగుండును.

అయితే మాటలు మొదలయ్యాక ఆట స్వరూపమే మారిపోయింది. మనం నడిపే ముఖ్యపాత్ర షెపర్డ్‌ను నేను స్త్రీగా ఎంచుకున్నాను. జెన్నిఫర్ హేల్ గొంతు విన్నాక ఇంకొకరిని ఊహించుకోలేకపోతున్నాను. రాత్రి భోజనాలయ్యాక అమ్మ చిక్కుడుకాయలు వలుచుకుంటూ నా పక్కనే కూర్చుని, "ఏటంతంది ఆ పిల్ల?" అని అడుగుతూ ఉంటుంది. అంటే, తెర మీద నడిచే ఇంగ్లీషు సంభాషణనంతా నేను అప్పటికప్పుడు తెలుగులో చెప్పాలన్నమాట. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఇంగ్లీషులో ఎవరినైనా ఒకే మాటతో పిలిచి గట్టెక్కవచ్చు, మనకు అలా కుదరదు కదా. వందల ఏళ్లు బతికిన, క్రోగన్ అనే గ్రహాంతర జాతి యోధుడు రెక్స్‌ను షెపర్డ్ నువ్వు అనాలా, మీరు అనాలా? పెద్దవాడు కాబట్టి మీరు అనే తీరాలని అమ్మ పట్టు. వర్మైర్ గ్రహం మీద, తన జాతికి పిల్లలు నిలవకుండా చేసిన జెనోఫేజ్‌కు మందు దొరికే చోటును మేము పేల్చివేయబోతుంటే, అతడు తుపాకీ ఎత్తి నిలబడ్డాడు. అప్పుడు మాత్రం నా నోటికి మీరు రాలేదు. చివరికి నచ్చజెబితే అతడు విన్నాడు, బతికాడు. అదే గ్రహం మీద ఇద్దరు సహచరుల్లో ఒకరిని వదిలివేయవలసి వచ్చిన ఘట్టం గురించి రాయను; నేను ఎవరిని వదిలానో విని నువ్వు తిడతావు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకున్న ఊళ్లో కూర్చుని నేను క్రోగన్లకు తెలుగు నేర్పుతున్నానని మా మేనల్లుడు ఒకటే నవ్వు.

అమ్మకు అందరికన్నా నచ్చినవాళ్లు ఎల్కోర్లు. ఏనుగుల్లాంటి ఆ జీవుల గొంతులో భావం మనకు తెలియదు కాబట్టి, ముందు తమ భావమేమిటో చెప్పి, ఆ తరువాతే మాట అంటారు. మర్నాటి నుంచి మా ఇంట్లో అదే వరస: "కోపంతో: అన్నం చల్లారిపోతంది."

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం టాలీ. ఆమె క్వేరియన్ జాతి పిల్ల. వాళ్లు తమకు పనిచేసి పెట్టడానికి గెత్ అనే యంత్రాలను తయారుచేసుకుని, అవి తమను తాము ఎరగడం మొదలుపెట్టగానే భయపడి చంపబోయి, తిరగబడిన వాటి చేతిలో ఓడి, సొంత గ్రహాన్ని విడిచి మూడు వందల ఏళ్లుగా ఓడల్లోనే బతుకుతున్నారు. దాదాపు 50,000 ఓడలు, 1 కోటి 70 లక్షల మంది. రోగనిరోధక శక్తి సన్నగిల్లడంతో నిలువెల్లా కవచం తొడుక్కునే ఉంటారు. వాళ్ల పేర్ల పద్ధతి చూడు. "నార్" అన్న మాట తరువాత పుట్టిన ఓడ పేరు, "వాస్" అన్న మాట తరువాత ఇప్పుడు పనిచేస్తున్న ఓడ పేరు చెబుతారు. ఈడొచ్చిన పిల్లలు బయటి లోకానికి పోయి, పనికొచ్చేదేదైనా సంపాదించి తెచ్చి, వేరొక ఓడ కెప్టెనుకు సమర్పించుకోవాలి. ఆయన స్వీకరిస్తేనే ఆ ఓడ పేరు దక్కుతుంది. టాలీ జోరా నార్ రయ్యా అలాగే టాలీ జోరా వాస్ నీమా అయింది.

ఇది చదవగానే ఆట ఆపి కాసేపు అలా కూర్చుండిపోయాను. మన ఇంటిపేర్లలో ఎన్ని ఊరిపేర్లు కావు? తాతలు ఎప్పుడో వదిలి వచ్చిన ఊళ్లను మోసుకుంటూ తిరుగుతున్నాం, అంటే మనకున్నది నార్ ఒక్కటే. ఇక్కడి బడిలో ఒడియా దరఖాస్తు నింపినప్పుడు మన ఇంటిపేరు టైటిలుగా మారి పేరు చివరకు వెళ్లిపోవడం, మా నాన్న దాన్ని చూసి చిన్నబుచ్చుకోవడం నీకు గుర్తుండే ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మన పట్టణం ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది. ఆ లెక్కన మా అమ్మ నార్ పాతపట్నం, వాస్ పర్లాకిమిడి. నువ్వు నార్ పర్లాకిమిడి, వాస్ హైదరాబాదు. నాకు రెండూ ఒకటే. అది అదృష్టమో, కదలని బద్ధకమో నువ్వే చెప్పాలి.

రెండో భాగంలో టాలీ మీద రాజద్రోహ నేరం మోపి విచారణకు పిలిపిస్తారు. చురుకైన గెత్ భాగాలను తమ ఓడలకు పంపిందని అభియోగం. సభలో అడ్మిరల్ ఆమెను "వాస్ నార్మండీ" అని పిలవగానే టాలీ నిర్ఘాంతపోతుంది. తీర్పు రాకముందే తన ఓడ పేరు తీసివేసి మా ఓడ పేరు తగిలించారు కదా. ఆ పేరు వల్లనే ఆమెకు కెప్టెను హోదాలో ఆమె తరఫున వాదించే బాధ్యత షెపర్డ్ మీద పడుతుంది. తరువాత అలరై అనే ఓడకు వెళితే తెలుస్తుంది, ఆమె పంపిన ముక్కలతో గెత్‌లను తిరిగి బతికించి ప్రయోగాలు చేసింది ఆమె తండ్రే. ఆయన శవం అక్కడే ఉంటుంది. సాక్ష్యం బయటపెడితే ఆమె నిర్దోషి అవుతుంది, కానీ తండ్రి పనిచేసిన ప్రతి ఓడ జాబితాలోంచీ ఆయన పేరు కొట్టివేస్తారు. బయటపెట్టవద్దని ఆమె బతిమాలుతుంది. సభను మాటలతో ఒప్పించే మూడో దారి ఒకటి ఉంది గాని, ఆటలో నడవడికను బట్టి వచ్చే పాయింట్లు నాకు చాలక ఆ వాక్యం తెర మీద బూడిదరంగులో వెక్కిరిస్తూ ఉండిపోయింది.

అమ్మకు చెబితే క్షణం ఆలోచించలేదు. "సచ్చినోడికి ఊరేటి? బతికున్న పిల్లకి గదా ఊరు కావాల" అంది. నేను టాలీ మాటే విని నోరు మూసుకున్నాను. ఆమెను బహిష్కరించారు. అమ్మ చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లేచి వెళ్లిపోయింది. అందరూ పడుకున్నాక, నీకు కాబట్టి చెబుతున్నాను, పాత సేవ్, అంటే ఆటను ముందు దాచిపెట్టుకున్న చోటు, తెరిచి సాక్ష్యం చూపించి చూశాను. టాలీ నిర్దోషిగా బయటపడింది, కానీ నా మీద ఆమెకున్న నమ్మకం పోయింది. మళ్లీ మొదటి సేవ్‌కే వచ్చి, వాస్ నార్మండీ అన్న పేరుతోనే ఆమెను వెంట పెట్టుకుని తిరుగుతున్నాను.

ఈ నిర్ణయాలన్నీ మూడో భాగంలోకి మోసుకుపోతాయట. అందులో క్వేరియన్లకు తమ గ్రహం దొరుకుతుందో లేదో ముందే చెప్పి చెడగొట్టకు. నువ్వు సభలో ఏం చేశావో మాత్రం రాయి. నీకు పాయింట్లు చాలే ఉంటాయి, చిన్నప్పటి నుంచీ మాటకారివి. చెల్లెమ్మను అడిగానని చెప్పు. దసరాకు వస్తే అమ్మ ముందు నువ్వే అనువాదం చెబుదువుగాని.

అసహనంతో: వెంటనే జవాబు రాయి.

నీ మిత్రుడు,
నార్ పర్లాకిమిడి, వాస్ పర్లాకిమిడి