మొదటి జీతం కాదు, సీనియారిటీ నంబరు చూడండి

సంపాదకులకు నమస్కారం.

పైలట్ కోర్సుల మీద పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) ఎలా తెచ్చుకోవాలి, 200 గంటలు ఎక్కడ ఎగరాలి, మొదటి జీతం ఎంత అన్నవన్నీ ఉంటాయి. లైసెన్సు చేతికొచ్చాక ఏ ఎయిర్‌లైన్‌లో చేరాలన్నది మాత్రం ఉండదు. కోనసీమలోనూ భీమవరం వైపూ కొబ్బరితోటో చేపల చెరువో తాకట్టు పెట్టి పిల్లల్ని ఈ చదువుకు పంపుతున్న ఇళ్లకు అసలు కావలసింది అదే. ఈ రంగంలో పండినవాళ్లు జీతం అంకెను అన్నిటికన్నా చివర చూస్తారు.

ముందు చూసేది సీనియారిటీ. కంపెనీలో చేరిన తేదీని బట్టి ప్రతి పైలట్‌కీ ఒక నంబరు పడుతుంది. కెప్టెన్ అయ్యే వంతు, బేస్‌గా (డ్యూటీ మొదలై ముగిసే చోటుగా) దొరికే ఊరు, పెద్ద విమానానికి మారే అవకాశం, ఆఖరికి సంక్రాంతికి సెలవు కూడా చాలావరకు ఆ నంబరు మీదే నడుస్తాయి. రేవులో పంటు కోసం కట్టిన వరస లాంటిదది. పక్క రేవులో జనం తక్కువని వెళితే అక్కడ మళ్లీ చివర నిలబడాల్సిందే. అనుభవమున్న కెప్టెన్లను వేరే కంపెనీలు నేరుగా అదే హోదాలో తీసుకుంటాయి గానీ కో-పైలట్‌కు ఆ వెసులుబాటు లేదు. నెలకు ముప్పై, నలభై వేలు ఎక్కువొస్తుందని రెండో ఏట కంపెనీ మారిన కుర్రాడికి కెప్టెన్ సీటు రెండేళ్లు వెనక్కి పోయిందంటే, పోగొట్టుకున్నది సంపాదించినదానికి ఎన్నో రెట్లు. సాధారణంగా కో-పైలట్ జీతానికి కెప్టెన్ జీతం రెండింతలకు పైనే ఉంటుంది.

ఆ వరస ఎంత వేగంగా కదులుతుందన్నది కొత్తగా వచ్చే విమానాల మీద ఆధారపడుతుంది. ఎయిర్‌బస్ ఎ320 లాంటి ఒక్క విమానం నడపడానికి పది నుంచి పద్నాలుగు మంది పైలట్లు కావాలి, అందులో సగం మంది కెప్టెన్లు. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470, అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500, 2024 జనవరిలో అకాసా 150 విమానాలకు ఆర్డర్లు ప్రకటించాయి. పత్రికల్లో పతాక శీర్షికలయ్యేవి ఈ అంకెలే. ఆర్డరు వేరు, డెలివరీ వేరు. ఇంటర్వ్యూలో అడగాల్సింది వచ్చే రెండేళ్లలో చేతికందేవెన్ని, లీజు ముగిసి వెనక్కి పోయేవెన్ని, ఇంజిన్లు లేక నేల మీద నిలబడ్డవెన్ని అని. గో ఫస్ట్ 2023 మేలో మూతపడినప్పుడు కంపెనీ చెప్పిన కారణం ఇంజిన్ల కొరతే. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. జీతం బకాయిలు అటుంచితే, అక్కడి పైలట్ల పాత సీనియారిటీ వేరే చోట ఎందుకూ పనికి రాలేదు.

ఏ విమానం మీద టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే ప్రత్యేక అర్హత) చేస్తే ఏ కంపెనీల తలుపు తెరుచుకుంటుందో కూడా చూసుకోవాలి. ఎ320కి ఇండిగో, ఎయిర్ ఇండియా ఉన్నాయి. బోయింగ్ 737కి అకాసా, స్పైస్‌జెట్, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్. చిన్న ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్‌కి ఇండిగో, అలయన్స్ ఎయిర్, ఫ్లై91. ఉద్యోగం ఖాయం కాకుండా సొంత ఖర్చుతో ముందే రేటింగ్ చేసి కూర్చోవడం మంచిది కాదు. పదిహేను ఇరవై లక్షలు పోసి తెచ్చుకున్న రేటింగ్ వాడకపోతే చెల్లుబాటు పోతుంది, మళ్లీ సిమ్యులేటర్ ఖర్చు.

విమానాన్ని బట్టి పని తీరెలా మారుతుందో మన రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయంలోనే చూడొచ్చు. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఏటీఆర్‌లో, చక్రాల కింద దిమ్మలు తీసిన దగ్గర్నుంచి మళ్లీ పెట్టేదాకా, గంటా పది నిమిషాలు అనుకుందాం. అలా నాలుగు సెక్టార్లు (ఒక్కో వైపు ప్రయాణం ఒక సెక్టారు) తిరిగితే లాగ్‌బుక్‌లో పడేది నాలుగు గంటల నలభై నిమిషాలు. ముందు గంట రిపోర్టింగు, మధ్య మూడు టర్నరౌండ్లు (దిగి మళ్లీ బయల్దేరే విరామాలు), చివర కాగితాల పని కలిపి డ్యూటీ ఏడున్నర గంటలవుతుంది. అదే 2024 డిసెంబరులో మొదలైన ఢిల్లీ సర్వీసులో ఎ320 మీద ఒక్కో వైపు సుమారు రెండున్నర గంటలు. వెళ్లొస్తే ఐదు గంటలు పడతాయి, డ్యూటీ ఏడు గంటల లోపే ముగుస్తుంది. గంటల లెక్కలో ఏటీఆర్ నష్టమే, కానీ చేయి తిరగాలంటే రోజుకు నాలుగు ల్యాండింగులను మించింది లేదు. పెద్ద విమానాల మీద దీనికి తిరగబడి ఉంటుంది: గంటలు గబగబా పడతాయి, ల్యాండింగులు దొరకవు. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు లేకపోతే సిమ్యులేటర్ ఎక్కి ఆ లోటు పూడ్చుకోవాలి.

జీతం కాగితంలో చూడాల్సింది గ్యారంటీ గంటలు. గంట రేటు ఒకటే అయినా ఒక కంపెనీ నెలకు 70 గంటలకు, ఇంకోటి 40 గంటలకు హామీ ఇచ్చాయనుకోండి. నిండుగా ఎగిరిన నెలలో తేడా కనిపించదు. విమానాలు చాలకో, శిక్షణ తరగతుల వల్లో 35 గంటలే ఎగిరిన నెలలో మొదటివాడికి 70 గంటల జీతం వస్తుంది, రెండోవాడికి 40 గంటలదే. బ్యాంకు వాయిదా మాత్రం ఇద్దరికీ ఒకటే.

బాండు అంటే ఇన్నేళ్లు పనిచేస్తాం, ముందే మానేస్తే డబ్బు కడతాం అన్న ఒప్పందం; దాని మీద సంతకం ముందు ఇంటి పెద్దలు కూడా కూర్చుని చదవాలి. బాండు గడువు ఉద్యోగంలో చేరిన రోజు నుంచి మొదలా, లైన్ ట్రైనింగ్ (ప్రయాణికులతో నడిచే విమానాల్లో శిక్షణ) పూర్తయి విడుదలైన రోజు నుంచా? సిమ్యులేటర్ ఖాళీ కోసం ఆరు నెలలు వేచి ఉంటే ఆ ఆరు నెలలు ఎవరి ఖాతాలో? మొత్తం నెలనెలా తగ్గుతుందా, చివరి రోజు దాకా పూర్తిగా కట్టాలా? కంపెనీయే ఇంటికి పంపితే బాండు చెల్లుతుందా? వీటికి జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీదే ఉండాలి. ఇది కాక విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం ఉద్యోగం మానేయడానికి కో-పైలట్‌కు ఆరు నెలలు, 2017 నుంచి కెప్టెన్‌కు ఏడాది నోటీసు.

బేస్ సంగతి మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. బేస్‌లంటే హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ లాంటి ఊళ్లే. స్టాండ్‌బై (పిలిస్తే వెళ్లేలా సిద్ధంగా ఉండే) రోజున ఫోనొస్తే చెప్పిన గడువులో విమానాశ్రయంలో ఉండాలి, కాబట్టి అమలాపురంలో కూర్చుని స్టాండ్‌బై చేయడం కుదరదు. అమలాపురానికి రైలు ఇంకా రానే లేదు. ఉద్యోగి టికెట్టేమో సీటు ఖాళీ ఉంటేనే; భోగి ముందు రోజు 78 సీట్ల ఏటీఆర్‌లో ఖాళీ ఏముంటుంది?

విశ్రాంతి నిబంధనలను కంపెనీ ఎంత మనస్ఫూర్తిగా పాటిస్తుందో అక్కడ పనిచేస్తున్నవాళ్ల రోస్టర్లు (డ్యూటీ పట్టికలు) అడిగి చూడాలి. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచుతూ, రాత్రి ల్యాండింగులను రెండుకు కుదిస్తూ 2024 జనవరిలో డీజీసీఏ ఇచ్చిన నిబంధనలు 2025లో రెండు విడతలుగా అమలయ్యాయి. డిసెంబరులో ఇండిగో సర్వీసులు వేలల్లో రద్దవడానికి ప్రధాన కారణం వాటికి తగ్గట్టు ముందే సిద్ధపడకపోవడమే.

గల్ఫ్ కోనసీమకు కొత్త కాదు. అక్కడి పెద్ద కంపెనీల్లో పన్ను లేని జీతం, ఇల్లు, పిల్లల ఫీజులు నిజమే. అయితే ఇల్లూ వీసా ఉద్యోగంతోనే ముడిపడి ఉంటాయి, తిరిగొచ్చాక ఇక్కడ సీనియారిటీ సున్నా. కెప్టెన్ అయ్యాక వెళ్లడం వేరు, కో-పైలట్‌గా వెళ్లడం వేరు.

ఇక లైసెన్సు నష్ట బీమా. పైలట్లకు తప్పనిసరైన క్లాస్ 1 వైద్య పరీక్ష తప్పితే జీతం ఆగుతుంది. ఇన్సులిన్ దాకా వెళ్లిన షుగరైతే మళ్లీ ఎగరడం కష్టం. తాత్కాలికంగా అన్‌ఫిట్ అయితే ఎన్ని నెలలు ఇస్తారో, శాశ్వతమైతే మొత్తమెంతో, ప్రీమియం ఎవరు కడతారో ఆఫర్ లెటర్‌లో చూసుకోవాలి. వైద్య ఫారంలో దాచిన జబ్బుకు క్లెయిము రాదు.

— మాజీ క్రూ షెడ్యూలింగ్ ఉద్యోగి, అమలాపురం